గృహనిర్మిత వర్ధకాలలో వోల్టేజి నియంత్రకం: ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతికశాస్త్రాన్ని తెలుగు మాధ్యమంలో చదివినవారికి జెనర్ డయోడు వోల్టేజి నియంత్రకంగా ఎట్లా పనిచేస్తుందన్న ప్రశ్న సుపరిచితం. ఏకధిక్కరణి ఒక పాఠ్యాంశంగా, నియంత్రకం మరొక పాఠ్యాంశంగా, వర్ధకం వేరొక పాఠ్యాంశంగా విద్యార్థికి పరిచయమవుతాయి. ఈ మూడింటినీ ఒకే చెక్కపలక మీద కలిపి, చివర ఒక స్పీకరు తగిలించి పాట వినాలనుకున్న వ్యక్తికి మాత్రం పాఠ్యపుస్తకం చెప్పని ఒక చిక్కు ఎదురవుతుంది. పాట కన్నా ముందు స్పీకరులోనుంచి ఒక ఝుంకారం వినిపిస్తుంది. ఆ ఝుంకారాన్ని పోగొట్టడానికి నియంత్రకం పెట్టాలా, పెద్ద కెపాసిటర్ పెట్టాలా, అసలు వర్ధకాన్నే మార్చాలా అన్న చర్చ శూన్యనాళికల కాలం నుంచి నేటివరకు తెగలేదు.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. తెలుగునాట 'రెగ్యులేటర్' అంటే ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది ఫ్యాను వేగాన్ని తగ్గించే మీట, లేదా వంటగ్యాసు సిలిండరు మూతి. ఇంటికి వచ్చే కరెంటు హెచ్చుతగ్గులను సరిచేసే పెట్టెను 'స్టెబిలైజర్' అంటారు. ఇక్కడ పరిశీలిస్తున్నది ఈ మూడూ కాదు. ఏకధిక్కరణం పూర్తయి ఏకముఖ విద్యుత్తుగా మారిన తరువాత, దాని వోల్టేజిని ఒక స్థిరవిలువ వద్ద నిలిపే ఎలక్ట్రానిక్ సాధనమే ఇక్కడ నియంత్రకం. పాఠ్యపుస్తకం 'నియంత్రకం' అన్నదాన్ని దుకాణం 'రెగ్యులేటర్ ఐసీ' అంటుంది. వాడుక భిన్నమైనా రెండూ ఒకే వస్తువును చెబుతున్నాయి.

నియంత్రకం ఆలస్యంగా వచ్చిన మెరుగుదల అనీ, అది లేని పాత వర్ధకాలు లోపభూయిష్ఠమనీ, ఉన్నవి ఉత్తమమనీ ఒక సాధారణాభిప్రాయం ప్రచారంలో ఉంది. చారిత్రక ఆధారాలు ఈ అభిప్రాయాన్ని బలపరచవు. నియంత్రకం శబ్దం కోసం పుట్టలేదు. శబ్దరంగంలోకి వచ్చాక కూడా అది కొన్ని చోట్ల ఉపకరించింది, కొన్ని చోట్ల అడ్డుపడింది.

శూన్యనాళికల కాలం: అవసరపడని నియంత్రకం

స్థిర వోల్టేజిని పొందే తొలి సులభమార్గం వాయుపూరిత నాళిక. రెండు ఎలక్ట్రోడుల మధ్య తక్కువ పీడనంలో వాయువును నింపి విద్యుత్ ఉత్సర్గం జరిపితే, విద్యుత్ ప్రవాహం మారినా నాళిక చివరల మధ్య వోల్టేజి దాదాపు మారదు. 0ఏ3, 0సీ3, 0డీ3 అన్న నాళికలు వరుసగా 75, 105, 150 వోల్టులను నిలిపేవి. అయితే వీటి పనితీరు సుమారు 5 నుంచి 40 మిల్లీఆంపియర్ల పరిధికే పరిమితం. రేడియో గ్రాహకంలోని డోలకానికి అది చాలు, వర్ధకపు అంత్యదశకు చాలదు. ఇంతకన్నా శక్తిమంతమైన పద్ధతి 1939 నాటికే తెలుసు. హార్వర్డుకు చెందిన ఎఫ్.వి. హంట్, ఆర్.డబ్ల్యు. హిక్‌మన్ ఆ సంవత్సరం 'రివ్యూ ఆఫ్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్'లో ఎలక్ట్రానిక్ వోల్టేజి స్థిరీకరణ సాధనాలను సమగ్రంగా విశ్లేషించారు. నిర్గమ వోల్టేజిని ఒక ప్రామాణిక వోల్టేజితో పోల్చి, తేడాను వర్ధనం చేసి, దానితో మార్గంలో ఉన్న నాళికను అదుపు చేయడమన్నది వారు చర్చించిన పద్ధతుల్లో ముఖ్యమైనది. నేటి రూపాయల ఖరీదు ఐసీలోనూ జరుగుతున్నది అదే.

పద్ధతి తెలిసి ఉండి కూడా శబ్దవర్ధకాలు దాన్ని ఎందుకు చేపట్టలేదు? ఇందుకు మంచి ఉదాహరణ డి.టి.ఎన్. విలియమ్సన్ వర్ధకం. 1947 ఏప్రిల్, మే నెలల 'వైర్‌లెస్ వరల్డ్' సంచికల్లో ప్రచురితమైన ఈ నమూనా గృహనిర్మాతల చరిత్రలో ఒక మలుపు. కేటీ66 నాళికల జంటతో 15 వాట్ల శక్తినీ, 20 డెసిబెల్ల రుణ పునర్నివేశాన్నీ సాధించిన ఈ వర్ధకానికి సుమారు 450 వోల్టుల సరఫరా కావాలి. అంత్యదశ ఒక్కటే దాదాపు 125 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. వాయుపూరిత నాళికకు ఇది అందని ప్రవాహం. విలియమ్సన్ సరఫరాలో నియంత్రకం లేదు. ఇనుప గర్భపు చోక్ చుట్టలు, కెపాసిటర్లు మాత్రమే ఉన్నాయి.

ఆ లేమి లోపం కాదనడానికి కారణం వలయంలోనే ఉంది. అంత్యదశలోని రెండు నాళికలు నిర్గమ ట్రాన్స్‌ఫార్మర్ ప్రాథమిక చుట్టలోని రెండు సగాలను వ్యతిరేక దిశల్లో నడుపుతాయి. సరఫరాలోని అలజడి రెండు సగాలకూ సమానంగా చేరి, అయస్కాంత గర్భంలో పరస్పరం రద్దయిపోతుంది. మిగిలిన కొద్దిపాటి ఝుంకారాన్ని పునర్నివేశం అణచివేస్తుంది. పైగా ఆ అంత్యదశ ఏ-తరగతికి దగ్గరగా నడవడం వల్ల శబ్దం పెరిగినా తగ్గినా అది తీసుకొనే సగటు ప్రవాహం పెద్దగా మారదు. ప్రవాహం మారనిచోట వోల్టేజి కుంగదు. కుంగని వోల్టేజికి నియంత్రకంతో పని తక్కువ.

గిటారు వర్ధకాల సంగతి ఇంకా విచిత్రం. నాళికతో చేసిన ఏకధిక్కరణి ఉన్న వర్ధకంలో తీగను గట్టిగా మీటగానే సరఫరా వోల్టేజి క్షణకాలం కుంగి, తిరిగి మెల్లగా లేస్తుంది. ఇంజనీరు దృష్టిలో ఇది దోషం. వాద్యకారులు మాత్రం దీన్ని స్వరానికి మెత్తదనమిచ్చే గుణంగా భావించి కోరి తెచ్చుకుంటారు. అక్కడ నియంత్రకం పెట్టడమంటే వాద్యం గొంతు మార్చడమే.

ట్రాన్సిస్టరు తెచ్చిన చిక్కు

ఘనస్థితి వర్ధకాలు వచ్చాక పరిస్థితి తారుమారైంది. నిర్గమ ట్రాన్స్‌ఫార్మర్ తొలగిపోయింది. దానితోపాటు ఝుంకారాన్ని రద్దుచేసే సౌకర్యమూ పోయింది. బి-తరగతికి దగ్గరగా నడిచే అంత్యదశ నిశ్శబ్దంలో కొద్ది మిల్లీఆంపియర్లు, గట్టి స్వరంలో కొన్ని ఆంపియర్లు లాగుతుంది. సరఫరా వోల్టేజి సంగీతంతోపాటు ఊగసాగింది. నాటి ట్రాన్సిస్టర్లు తట్టుకోగల వోల్టేజి పరిమితం. విస్తృతంగా వాడిన 2ఎన్3055కి సంగ్రాహక-ఉద్గారకాల మధ్య 60 వోల్టులు హద్దు. భారం లేనప్పుడు పైకి లేచే సరఫరా ఆ హద్దును దాటితే ట్రాన్సిస్టరు పోతుంది, దాటకుండా జాగ్రత్తపడితే భారం ఉన్నప్పుడు శక్తి చాలదు. స్థిరమైన సరఫరా ఉంటే హద్దుకు దగ్గరగా నిర్భయంగా నడపవచ్చు. 1967లో వచ్చిన బ్రిటిష్ 'క్వాడ్ 303' వర్ధకం 67 వోల్టుల నియంత్రిత సరఫరాతో రూపొందింది. 1975లో వచ్చిన 'నెయిమ్ నాప్ 250' అంత్యదశకు సైతం నియంత్రిత సరఫరానే ఇచ్చింది.

గృహనిర్మాతలలో ఎక్కువమందిని ఆకర్షించిన నమూనా మరొకటి. జె.ఎల్. లిన్స్‌లీ హుడ్ 1969 ఏప్రిల్ 'వైర్‌లెస్ వరల్డ్'లో ప్రచురించిన 10 వాట్ల సరళ ఏ-తరగతి వర్ధకంలో నాలుగే ట్రాన్సిస్టర్లున్నాయి. 8 ఓముల స్పీకరుకు 27 వోల్టుల సరఫరా, 1.2 ఆంపియర్ల స్థిర ప్రవాహం కావాలి. అంటే 10 వాట్ల శబ్దం కోసం పాట ఉన్నా లేకున్నా 32 వాట్ల పైచిలుకు వేడిగా మారుతూనే ఉంటుంది. ఒకే సరఫరాతో నడిచే ఇటువంటి వలయంలో నిరంతరం ఆంపియరుకు పైబడిన ప్రవాహం పోతున్నప్పుడు కెపాసిటరు మీది అలలు నిశ్శబ్దంలోనూ తగ్గవు. కాబట్టి ఏ-తరగతి వర్ధకానికి వోల్టేజి కుంగుబాటు సమస్య కాదుగాని అలల సమస్య తీవ్రం. నియంత్రకం చేసే రెండు పనులు, సగటు వోల్టేజిని నిలపడం, అలలను అణచడం, వేర్వేరన్న గ్రహింపు గృహనిర్మాతలకు ఇక్కడే కలిగి ఉండాలి. అలలను అణచడం మాత్రమే కావలసినచోట ప్రామాణిక వోల్టేజి లేని 'కెపాసిటెన్స్ మల్టిప్లయర్' అన్న చవక వలయం సరిపోతుంది.

ఈ కాలానికే చెందిన వాణిజ్య వింత ఒకటుంది. 1960లలో అమెరికన్ తయారీదారులు తమ వర్ధకాలకు 'మ్యూజిక్ పవర్' అన్న కొలతను ప్రకటించేవారు. కొలిచే సమయంలో సరఫరా వోల్టేజి కుంగదని, అంటే పరిపూర్ణ నియంత్రకం ఉన్నట్లు, భావించి లెక్కగట్టిన శక్తి అది. నియంత్రకం లేని వర్ధకానికి ఈ అంకె నిరంతర శక్తి కన్నా ఎంతో పెద్దదిగా వచ్చేది. నిజంగా నియంత్రకం ఉన్న వర్ధకానికి మాత్రం రెండు అంకెలూ దాదాపు ఒకటే. నియంత్రకానికి డబ్బు వెచ్చించినవాడు ప్రకటనలో నష్టపోయేవాడన్నమాట. ఈ గందరగోళాన్ని అరికట్టడానికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తేవలసి వచ్చింది.

మూడు కాళ్ళ వస్తువు

గృహనిర్మాత చేతికి అందిన నియంత్రకం చరిత్ర శబ్దశాస్త్రంలో కాక గణకయంత్రాల చరిత్రలో వెతకవలసి ఉంటుంది. క్లారెన్స్ జెనర్ ఘన విద్యున్నిరోధకాలలో విద్యుత్ విచ్ఛేదనంపై 1934లో సిద్ధాంతపత్రం ప్రచురించారు. తరువాత ఆయన పేరిట వచ్చిన డయోడు ప్రామాణిక వోల్టేజికి ఆధారమయింది. అయితే మంచి స్థిరత్వం ఇచ్చే జెనర్ వోల్టేజి 6 వోల్టుల ఎగువన ఉంటుంది. తర్కవలయాలకు కావలసింది 5 వోల్టులు.

ఈ చిక్కును విప్పినవాడు నేషనల్ సెమీకండక్టర్ సంస్థలో పనిచేసిన బాబ్ విడ్లర్. ఫెయిర్‌చైల్డ్‌లో ఉండగా మ్యూఏ702, మ్యూఏ709 సంకలిత వర్ధకాలను రూపొందించిన విడ్లర్, నేషనల్‌లో ఎల్‌ఎం100తో సంకలిత నియంత్రకానికి నాంది పలికాడు. ఆ తొలితరం నియంత్రకాలకు బయట నుంచి నిరోధాలు, కెపాసిటర్లు, పెద్ద ప్రవాహం కావాలంటే వేరే ట్రాన్సిస్టరు చేర్చవలసి వచ్చేది. 1960ల చివర ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన మ్యూఏ723 కూడా అటువంటిదే. 14 కాళ్ళ ఆ ఐసీ నేటికీ కొన్ని ప్రయోగశాలల బల్లల మీద కనిపిస్తుంది. విడ్లర్ ఎల్‌ఎం109లో ఇవన్నీ తీసివేశాడు. సిలికాన్ శక్తి అంతరంపై ఆధారపడిన 'బ్యాండ్‌గ్యాప్' ప్రామాణికాన్ని వాడాడు. ఈ సూత్రాన్ని డేవిడ్ హిల్‌బైబర్ 1964లోనే ప్రతిపాదించినా వాణిజ్య నియంత్రకంలో ఇమిడ్చిన ఘనత విడ్లర్‌ది. ఒక కాలు ప్రవేశం, ఒక కాలు నిర్గమం, ఒకటి భూమి. ఎక్కువ ప్రవాహం లాగితే తనంతట తానే తగ్గించుకుంటుంది, వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది. ప్రతి తర్కవలయ పలక మీదా ఒక్కొక్కటి అమర్చడానికి దాన్ని ఉద్దేశించారు. 1971 ఫిబ్రవరిలో ఐఈఈఈ ఘనస్థితి వలయాల పత్రికలో విడ్లర్ దాన్ని వివరించేనాటికే అతడు సంస్థను వదిలి మెక్సికోలో స్థిరపడ్డాడు.

అదే దశాబ్దంలో ఫెయిర్‌చైల్డ్ 7800 శ్రేణి వచ్చి 5, 12, 15, 24 వంటి వోల్టులను ఎవరైనా అడిగి కొనుక్కోగల సరుకుగా మార్చింది. రుణ వోల్టేజికి 7900 శ్రేణి జతపడింది. 1976లో నేషనల్‌లో బాబ్ డాబ్కిన్, బ్రెంట్ స్వాన్సన్ రూపొందించిన ఎల్‌ఎం117, దాని సాధారణ శ్రేణి రూపమైన ఎల్‌ఎం317, రెండు నిరోధాలతో 1.25 నుంచి 37 వోల్టుల వరకు ఎంతైనా ఇవ్వగలిగాయి.

తర్కవలయాల కోసం పుట్టిన వస్తువు శబ్దవలయాలలోకి ప్రవేశించడానికి తయారీదారుల సమాచారపత్రాలే దారి చూపాయి. వాటి చివరి పుటల్లో ఉండే 'వినియోగ వలయాలు' అనేకమంది గృహనిర్మాతలకు పాఠ్యపుస్తకంగా పనిచేశాయి. భారతదేశంలో 1969లో మొదలైన 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ' పత్రిక అటువంటి వలయాలను ఆంగ్లంలో పాఠకులకు అందించింది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి బజారులలో 7812, 317, 2030, 4440 అన్న అంకెలు పేర్లుగా చెలామణి అయ్యాయి. తయారీదారుడెవరో అడిగేవారు తక్కువ. తెలుగు సాంకేతిక పదకోశాలను సంకలనం చేసినవారు ఈ అంకెల భాషను పట్టించుకోకపోవడం ఒక లోటనే చెప్పాలి.

గుజరాతీ గల్లీ లెక్క

ఒక సాధారణ ఉదాహరణను పరిశీలిస్తే నియంత్రకం ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ విఫలమవుతుందో తెలుస్తుంది. కారు స్టీరియోల కోసం సాన్యో సంస్థ రూపొందించిన ఎల్‌ఏ4440 ఐసీని గృహనిర్మాత 12 వోల్టులతో నడపదలచాడనుకుందాం. సాధారణంగా చేసే పని 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడుల వంతెన, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్, దాని తరువాత ఒక 7812. పేర్లలో 12 అన్నది రెండుసార్లు వచ్చింది గనుక అంతా పొందికగా ఉన్నట్లు అనిపిస్తుంది.

లెక్క వేరుగా ఉంది. 12 వోల్టులన్నది ప్రభావక విలువ. దాని శిఖరం సుమారు 17 వోల్టులు. వంతెనలో 1.4 వోల్టులు పోగా 15.6 మిగులుతాయి. 50 హెర్ట్‌జుల సరఫరాను పూర్ణతరంగ ఏకధిక్కరణం చేస్తే కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. 1 ఆంపియరు ప్రవాహానికి, 2200 మైక్రోఫారడ్లకు, రెండు నింపుల మధ్య వోల్టేజి స్థూలంగా 4.5 వోల్టులు పడిపోతుంది. లోయ 11.1 వోల్టుల దగ్గర ఉంటుంది. 7812 తన పని చేయాలంటే ప్రవేశ వోల్టేజి నిర్గమం కన్నా కనీసం 2 వోల్టులు ఎక్కువగా, అంటే 14 వోల్టులు ఉండాలి. సెకనుకు 100 సార్లు ఆ షరతు తప్పుతుంది. తప్పిన ప్రతిసారీ ప్రవేశంలోని పల్లం నిర్గమంలో ప్రత్యక్షమవుతుంది. ఝుంకారం పోవడానికి పెట్టిన నియంత్రకం గట్టి స్వరాలలో ఝుంకారాన్ని అలాగే వదిలేస్తుంది. పాట ఆపగానే ప్రవాహం తగ్గి, లోయ లేచి, ఝుంకారం మాయమవుతుంది. దోషం దొరకక గృహనిర్మాత తికమకపడేది ఇందుకే.

ట్రాన్స్‌ఫార్మర్‌ను 15 వోల్టులకు మార్చితే శిఖరం 21.2, వంతెన తరువాత 19.8, లోయ 15.3. ఇప్పుడు 1.3 వోల్టుల ఉపరి ఉంది. అయితే 1956 నాటి భారతీయ విద్యుత్ నియమావళి అల్ప వోల్టేజి సరఫరాలో 6 శాతం హెచ్చుతగ్గులను అనుమతించింది. 6 శాతం తగ్గితే లోయ సరిగ్గా 14 వోల్టుల దగ్గరకు దిగుతుంది. అంటే చట్టం ఒప్పుకున్న తగ్గుదలకే ఉపరి హరించుకుపోతుంది. సాయంత్రం వేళ పొలాల మోటార్లు, ఇళ్ళ దీపాలు ఒకేసారి నడిచే ఊళ్ళో వోల్టేజి అక్కడితో ఆగుతుందన్న భరోసా లేదు. యూరప్, అమెరికా పత్రికల్లోని వలయాలను యథాతథంగా కట్టినప్పుడు అవి ఇక్కడ సరిగ్గా పనిచేయకపోవడానికి భాగాల నాణ్యత ఒక్కటే కారణం కాదు.

ఉపరిని పెంచితే వేడి పెరుగుతుంది. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో నియంత్రకపు ప్రవేశంలో సగటున 17.5 వోల్టులుంటాయి. 12 పోగా మిగిలిన 5.5 వోల్టులు 1 ఆంపియరుతో కలిసి 5.5 వాట్ల వేడి అవుతాయి. ఉష్ణశోషక రేకు లేని 7812 ప్రతి వాటుకూ సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. వేసవిలో గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు ఉన్నచోట అది రేకు లేకుండా భరించగలది 1.3 వాట్లు మాత్రమే. దాటితే ఐసీ తనను తాను ఆపుకుంటుంది, చల్లారి మళ్ళీ మొదలవుతుంది. స్పీకరులో ఇది పాట ఆగి ఆగి వస్తున్నట్లు వినిపిస్తుంది. విడ్లర్ పొందుపరచిన ఆత్మరక్షణ గుణం ఇక్కడ శ్రోతకు జబ్బులా తోస్తుంది.

ఇంతకన్నా లోతైన సమస్య శిఖర ప్రవాహానిది. 4440ని వంతెన పద్ధతిలో కట్టి 4 ఓముల స్పీకరు పెడితే 10 వోల్టుల శిఖరానికి 2.5 ఆంపియర్లు కావాలి. 7812 శ్రేణి నిర్దేశిత ప్రవాహం 1 ఆంపియరు. డప్పు దెబ్బ వంటి క్షణిక స్వరంలో నియంత్రకం తన హద్దును తాకి వోల్టేజిని దించేస్తుంది. నియంత్రకం తరువాత పెద్ద కెపాసిటర్ పెట్టి కొంతవరకు దీన్ని కప్పిపుచ్చవచ్చు. నియంత్రకమే లేకుండా, 4700 మైక్రోఫారడ్లను నేరుగా వాడితే 1 ఆంపియరు వద్ద అలలు 2.1 వోల్టులకు తగ్గుతాయి, శిఖర ప్రవాహాలకు అడ్డూ ఉండదు. కారులో 4440కి నియంత్రకం లేదు, బ్యాటరీ ఉంది. తెలుగు పల్లెల్లో పెళ్ళిళ్ళకు, జాతరలకు 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచిన మైకుసెట్లలోనూ ఈ సమస్య రాలేదు. బ్యాటరీకి అలలు లేవు, అంతర్నిరోధం స్వల్పం.

మరొక ప్రమాదం కాళ్ళ వరుసలో దాగి ఉంది. 7812ను ఎదురుగా పట్టుకుని చూస్తే ఎడమ నుంచి ప్రవేశం, భూమి, నిర్గమం. 7912లో భూమి, ప్రవేశం, నిర్గమం. ఎల్‌ఎం317లో సర్దుబాటు, నిర్గమం, ప్రవేశం. వెనుక లోహపు రేకు మొదటిదానిలో భూమికి, రెండోదానిలో రుణ ప్రవేశానికి, మూడోదానిలో నిర్గమానికి కలిసి ఉంటుంది. టీడీఏ2030 వంటి రెండు ధ్రువాల వర్ధకానికి 7812, 7912లను ఒకే అల్యూమినియం రేకుకు మైకా పెట్టకుండా బిగిస్తే రుణ సరఫరా భూమితో కలిసిపోతుంది. బయటికి ఒకేలా కనిపించే మూడు ఐసీలకు మూడు వరుసలెందుకన్న ప్రశ్నకు సిలికాన్ పొర నిర్మాణంలో సమాధానం ఉంది. డబ్బులు పెట్టి కొన్న ఐసీని మొదటి స్విచ్చుకే పోగొట్టుకున్న కుర్రవాడికి ఆ సమాధానం ఓదార్పు కాదు.

పూర్వవర్ధకం వైపు మళ్ళిన చర్చ

అంత్యదశకు నియంత్రకం అవసరమా అన్న చర్చలో వృత్తి ఇంజనీర్లలో అధికులు ప్రతికూలంగానే ఉన్నారు. డగ్లస్ సెల్ఫ్ తన 'ఆడియో పవర్ ఆంప్లిఫయర్ డిజైన్ హ్యాండ్‌బుక్'లో ఖర్చు, వేడి, సంక్లిష్టత పెరుగుతాయనీ, చక్కగా రూపొందించిన వర్ధకం సరఫరాలోని అలలను తానే తిరస్కరించగలదనీ వాదించారు. ఈ వాదంలో బలముంది. ఎల్‌ఎం386 వంటి చిన్న ఐసీ సైతం తగిన కెపాసిటర్ పెడితే సరఫరా అలలను 50 డెసిబెల్ల మేర తగ్గిస్తుంది. ఎల్‌ఎం3886లో ఈ గుణం 100 డెసిబెల్లను మించుతుంది. సెల్ఫ్ వాదానికి ఒక పరిమితి కూడా ఉంది. అది మంచి వలయాన్ని ఎంచుకోగలిగినవాడికి చెప్పిన మాట. పాత ట్రాన్సిస్టర్లతో, సరఫరాను తిరస్కరించే శక్తి లేని సరళ వలయాన్ని కట్టినవాడికి వర్తించదు.

సూక్ష్మసంకేతాలతో పనిచేసే పూర్వవర్ధకంలో మాత్రం నియంత్రకానికి స్థానం దాదాపు నిర్వివాదం. ప్రవాహం తక్కువ, స్థిరం. వేడి లేదు, శిఖర ప్రవాహ సమస్య లేదు. అక్కడ తలెత్తిన ప్రశ్న నియంత్రకం పుట్టించే రొద గురించి. ఎల్‌ఎం317 నిర్గమంలోని రొద నిర్గమ వోల్టేజిలో 0.003 శాతం. 15 వోల్టులకు అది 450 మైక్రోవోల్టులవుతుంది. 1.25 వోల్టుల ప్రామాణికాన్ని 12 రెట్లు చేయడమంటే దాని రొదనూ 12 రెట్లు చేయడమే. సర్దుబాటు కాలికి 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చేరిస్తే రొద తగ్గుతుంది, అలల తిరస్కారం 65 నుంచి 80 డెసిబెల్లకు పెరుగుతుంది. కొద్దిపాటి ఖర్చుతో ఇంత మెరుగుదల ఇచ్చే కెపాసిటర్ ఆ వలయంలో మరొకటి లేదు. ఎడ్వర్డ్ డెల్ సంపాదకత్వంలో అమెరికాలో వెలువడిన 'ది ఆడియో అమెచ్యూర్' పత్రికలో 1980లో మైకేల్ సల్జర్ పూర్వవర్ధకాల కోసం ఆపరేషనల్ వర్ధకంతో ఒక నియంత్రకాన్ని ప్రచురించారు. 1995లో అదే పత్రికలో వాల్ట్ జంగ్, యాన్ డిడెన్, గ్యారీ గాలో వరుస వ్యాసాలలో ఆ పరంపరను కొనసాగించారు. పోల్చే వర్ధకానికి నియంత్రకం తన నిర్గమం నుంచే సరఫరా ఇవ్వడం వారి వలయంలోని కీలకాంశం. వృత్తి పరిశోధన పత్రికల స్థాయి కొలతలతో సాగిన ఈ చర్చ అభిరుచి గలవారి పత్రికలో జరిగిందన్నది గమనార్హం.

ఇదే దశాబ్దం చివర దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ధోరణి వచ్చింది. 1999లో జపాన్‌కు చెందిన 47 ల్యాబొరేటరీ తెచ్చిన 'గెయిన్‌కార్డ్' ఎల్‌ఎం3875 ఐసీతో, ఒక్కో ధ్రువానికి కేవలం 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తో, నియంత్రకం లేకుండా నడిచింది. దాన్ని అనుకరించి గృహనిర్మాతలు 'గెయిన్‌క్లోన్' పేరిట అసంఖ్యాకంగా వర్ధకాలు కట్టారు. విచిత్రమేమంటే కొందరు మూల నమూనా స్ఫూర్తికి విరుద్ధంగా 5 ఆంపియర్ల ఎల్‌ఎం338 నియంత్రకాలను వాటికి జోడించి, శబ్దం మెరుగైందని నివేదించారు. వినికిడి సాక్ష్యాలు సాధారణంగా పోలిక చూపని, పేరు దాచని పరీక్షల నుంచి వచ్చినవి కావడం వల్ల చరిత్రకారుడు వాటిని అభిరుచి చరిత్రకు ఆధారాలుగా స్వీకరించవచ్చుగాని, వలయాల గుణనిర్ణయానికి వాడలేడు.

ప్రస్తుతం గుజరాతీ గల్లీలో ఇంటి వర్ధకం కోసం అడిగితే చేతికి వచ్చేది డి-తరగతి పలక, దానికి జతగా లాప్‌టాప్ ఛార్జరు వంటి స్విచింగ్ సరఫరా. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, 2200 మైక్రోఫారడ్ల డబ్బా, రేకుకు బిగించిన 7812 అవసరపడటం లేదు. అయినా ఆ పెట్టెలోనే ఒక మూల 7805 ఉంటుంది. ఫోను నుంచి పాటను అందుకునే బ్లూటూత్ పలకకు, పెన్‌డ్రైవు చదివే పలకకు కావలసిన 5 వోల్టులను అది ఇస్తుంది. 1970 ప్రాంతంలో తర్కవలయాల పలకల మీద విడ్లర్ నియంత్రకానికి అప్పగించిన పని అదే.